హిరోషిమా డే రోజు రోట్‌బ్లాట్ గురించి పది నిమిషాలు మాట్లాడాలంటే

ఆగస్టు 6న స్కూల్లో ఎవరో ఒకరు శాంతి గురించి మాట్లాడాలి, ఆ పని మీ నెత్తిన పడిందనుకోండి. అణుబాంబు ప్రాజెక్టు నుంచి మధ్యలోనే బయటికొచ్చేసిన భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ రోట్‌బ్లాట్ కథ చెప్పండి. "1908లో వార్సాలో జన్మించారు" అని మాత్రం మొదలుపెట్టకండి, వెనక బెంచీలు రెండో వాక్యానికే నిద్రపోతాయి.

భోజనాల బల్ల దగ్గర మొదలుపెట్టండి. 1944 మార్చి, అమెరికాలో అణుబాంబు తయారవుతున్న లాస్ అలమోస్, బ్రిటిష్ శాస్త్రవేత్త చాడ్విక్ గారింట్లో విందు. ప్రాజెక్టుకి పెద్ద తలకాయ అయిన జనరల్ గ్రోవ్స్ మాటల మధ్యలో, ఈ బాంబు అసలు రష్యావాళ్లని అణచడానికే కదా అనేశాడు. రష్యా అప్పుడు మిత్రదేశం! ఇది రోట్‌బ్లాట్ తర్వాత గుర్తు చేసుకున్న మాట, పిల్లలకీ అలాగే చెప్పండి.

మరి ఈయన అక్కడికెందుకు వెళ్లినట్టు? ఈ ప్రశ్న దాటేయకండి. హిట్లర్ చేతికి బాంబు వస్తే వాడకుండా భయపెట్టడానికి మన దగ్గరా ఉండాలనుకున్నాడు. 1939 వేసవిలో భార్య తోలాని తను పనిచేస్తున్న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ తీసుకెళ్దామని వార్సా వచ్చాడు, ఆమెకి అపెండిక్స్ ఆపరేషన్ కావడంతో ఒక్కడే తిరిగెళ్లాడు, రోజుల్లోనే యుద్ధం మొదలైంది. నాజీలు ఆమెని బతకనివ్వలేదు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఇక్కడ గొంతు పెంచకండి.

1944 చివర్లో, జర్మనీ బాంబు ప్రయత్నం వదిలేసిందని తెలిశాక, ఆయన ప్రాజెక్టు నుంచి బయటికొచ్చేశాడు. ఆయన గూఢచారి అని అమెరికా నిఘావాళ్ల దగ్గర అప్పటికే ఫైలు తయారైంది. వాషింగ్టన్‌లో ఆయన కాగితాల పెట్టెని రైలెక్కించడానికి చాడ్విక్ కూడా ఓ చెయ్యేశాడు, న్యూయార్క్‌లో దిగి చూస్తే పెట్టె లేదు.

తర్వాత వైద్యంలో ఫిజిక్స్ పని, దాన్ని ఒక వాక్యంలో తేల్చేయండి. 1954 మార్చి 1, పసిఫిక్‌లోని బికినీ దీవుల్లో అమెరికా చేసిన హైడ్రోజన్ బాంబు పరీక్ష దగ్గర మాత్రం బోర్డు డస్టర్ తీసుకుని ఓ దెబ్బ కొట్టండి, సుద్దపొడి ముందు వరస మీద పడనివ్వండి. జపాన్ చేపల పడవలోని 23 మంది మీద బూడిద అలాగే రాలింది. ఆ లెక్కలు చేసి, రేడియోధార్మిక కాలుష్యం అధికారులు చెప్పినదానికన్నా చాలా ఎక్కువని రోట్‌బ్లాట్ తేల్చాడు.

1955లో అణ్వాయుధాల ప్రమాదం గురించి హెచ్చరించిన రస్సెల్-ఐన్‌స్టీన్ ప్రకటన మీద సంతకం చేసిన 11 మందిలో ఈయన ఒకడు. దాన్నుంచే 1957లో కెనడాలోని పగ్‌వాష్ అనే ఊళ్లో శాస్త్రవేత్తల సమావేశం పుట్టింది, ఆ పేరే తర్వాత వాళ్ల సంస్థకీ వచ్చింది. ఆ సమావేశానికి మొదట నెహ్రూ ఢిల్లీకి రమ్మన్నారు గానీ ఈజిప్టులో సూయెజ్ కాలువ గొడవతో కుదరలేదు, మనవాళ్లకి ఈ ముక్క నచ్చుతుంది. 1995 నోబెల్ శాంతి బహుమతి ఆయనకీ, పగ్‌వాష్‌కీ చెరిసగం.

ఆయన వచ్చేస్తే బాంబు ఆగిందా అని అడుగుతారు. ఆగలేదని సూటిగా చెప్పండి. పెట్టె దొరికిందా అని కూడా ఎవడో ఒకడు కచ్చితంగా అడుగుతాడు. ఎంత వెతికినా దొరకలేదు.