రొమేనియా కొండదారికి, మఠాలకు బయల్దేరేముందు చూసుకోవాల్సినవి

జులైలో రొమేనియా కొండల మీదుగా వెళ్లే ట్రాన్స్‌ఫగరషాన్ రోడ్డు తెరుస్తారు. జర్మనీలోనో, ఇటలీలోనో ఉండే మనవాళ్లు చాలామంది అప్పుడే ప్లాన్ వేసుకుంటారు. ముందు ఇవి చూసుకోండి.

ఎలుగుబంటి కనిపిస్తే కారు ఆపొద్దు, అద్దం దించొద్దు, బిస్కెట్ విసరొద్దు. రోడ్డు పక్కన తిండికి అలవాటుపడిన ఎలుగులు మనుషులకు భయపడవు. 2025లో ఇదే దారిలో ఒక పర్యాటకుడు ఎలుగు దాడిలో చనిపోయాడు. పిల్లలు ఎంత అడిగినా సెల్ఫీకి దిగకండి, దయచేసి.

టికెట్లు కొనేముందు రోడ్డు తెరిచారో లేదో చూడండి. 2,000 మీటర్లు దాటే పై భాగం మామూలుగా నవంబర్ నుంచి జూన్ చివరి దాకా మూసే ఉంటుంది. మంచు పడితే తేదీలు మారతాయి.

అద్దె కారుకు రోవినియెటా (రోడ్డు వాడకానికి ముందే కట్టే రుసుము) ఉందో లేదో అడగండి. జాతీయ రహదారులకు అది తప్పనిసరి, లేకపోతే జరిమానా.

డ్రైవ్ చేసేవాళ్లు ఒక్క బీరు కూడా తాగకూడదు. అక్కడ పరిమితి సున్నా.

మఠాల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. మగవాళ్లు టోపీ తీసేయాలి. గర్భగుడిని వేరు చేసే ప్రతిమల గోడ దాటి లోపలికి వెళ్లకూడదు.

వొరొనెట్స్ మఠం గోడల మీది చిత్రాలను తాకకండి. 1547లో వేసినవి, ఎండావానలకు ఓర్చి ఇంతకాలం నిలిచాయి.

వొరొనెట్స్‌కూ ఈ కొండదారికీ మధ్య దాదాపు పూర్తి రోజు ప్రయాణం. ఒక్కరోజే ఉంటే కొండ దక్షిణ పాదాన ఉన్న కుర్త్యా దె ఆర్జెష్ మఠం చూడండి.

ఆగస్టు 15 మరియమాత పండుగ. మఠాలు కిటకిటలాడతాయి, గది ముందే బుక్ చేసుకోండి.