ఆరోగ్యం కోసం ఆత్మవిశ్వాసం పెంచుకోవడం ఎలా?

కావలసినవి: ఒక నోటు పుస్తకం, పెన్ను. యాప్ వద్దు, ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఇంకెక్కడికో పోతారు.

అద్దం ముందు నిలబడి ‘నేను గొప్ప, నేను గొప్ప’ అని జపం చేయమనే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. 2009లో కెనడా పరిశోధకులు ఇదే పరీక్షించి చూశారు. తమ మీద తమకు చిన్నచూపు ఉన్నవాళ్లు అలాంటి మాటలు వల్లించాక ఇంకాస్త డీలాపడ్డారు. చేయగలనన్న నమ్మకం అన్నిటికంటే గట్టిగా పుట్టేది చేసి చూసినప్పుడేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే చెప్పాడు. ఆ నమ్మకం ఉంటే మందులు టైముకు వేసుకుంటాం, నడక మధ్యలో ఆగినా మళ్లీ మొదలుపెడతాం. లేకపోతే ‘ఎలాగూ నా వల్ల కాదు’ అని మొదలే పెట్టం, పైగా చిన్నదానికీ టెన్షన్, గుండె దడ, నిద్ర పట్టకపోవడం. (రెండు వారాలుగా దేని మీదా మనసు పోకపోతే మాత్రం ఇదంతా పక్కన పెట్టి డాక్టర్‌ను కలవండి, అది వేరే సంగతి.)

1. ఒకే పని ఎంచుకోండి. నడకో, నిద్ర వేళో. రెండూ కలిపి కాదు.

2. నవ్వొచ్చేంత చిన్నది చేయండి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అది చేరాల్సిన చోటు. మీ మొదటి రోజుకు 5 నిమిషాలు చాలు.

3. చేయగానే తేదీ వేసి టిక్కు పెట్టండి.

4. తప్పిన రోజు. అందరూ బోల్తా పడేది ఇక్కడే, నేనూ పడ్డాను. పదకొండో రోజు జ్వరమొచ్చి మానేశాను. ఆ ఖాళీ గీత చూడలేక, జ్వరం తగ్గీతగ్గగానే పోయినవన్నీ కలిపి 40 నిమిషాలు నడిచేశాను. మోకాళ్లు పట్టేశాయి, పుస్తకం మూడు వారాలు దిండు కిందే ఉండిపోయింది. నన్ను ఆపింది జ్వరం కాదు, ఆ బాకీ తీర్చే పిచ్చి. అందుకని తప్పిన రోజు గీత ఖాళీగా వదలకండి. ‘మానేశాను’ అని రాసి పక్కన ఒక్క ముక్కలో కారణం పెట్టండి, చాంతాడంత సంజాయిషీ వద్దు. మర్నాడు రెట్టింపు అస్సలు చేయకండి, సగమే చేయండి. ఒంట్లో బాగుంటే వరసగా రెండో రోజు మాత్రం వదలొద్దు. ఇంట్లో వాళ్లు ‘అప్పుడే అయిపోయిందా ముచ్చట?’ అంటారు. అననివ్వండి, పుస్తకం చూపించి వాదనకు దిగొద్దు.

5. పెంచడం ఎప్పుడంటారా? 5 నిమిషాలు బోర్ కొట్టినప్పుడు. అప్పుడు 2 నిమిషాలు కలపండి. 3 కాదు.