కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలో ముందుగా మార్చుకోవలసినవి

కొత్త మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకోగల కెమెరా) చేతికి రాగానే మెనూలోని ప్రతి అంశాన్నీ మార్చనవసరం లేదు గానీ, షట్టర్ వేగాన్ని మాత్రం పూర్తిగా కెమెరాకే వదిలేయకండి. అపెర్చర్ ప్రయారిటీలో (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో మనం ఎంచుకుంటే, షట్టర్ వేగాన్ని కెమెరా ఎంచుకునే మోడ్‌లో) ఆటో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరానే నిర్ణయించే సదుపాయం) పెట్టుకున్నప్పుడు, మసక వెలుతురులో కెమెరా షట్టర్‌ను సెకనులో 1/60 వంతు దాకా తగ్గించవచ్చు. ఆ వేగంలో కదలకుండా కూర్చున్న మనిషి స్పష్టంగానే వస్తాడు గానీ, పరుగెత్తే పిల్లల చేతులూ కాళ్లూ అలుక్కుపోతాయి. అందుచేత మనుషులను తీసేటప్పుడు ఆటో ఐఎస్ఓ మెనూలో కనీస షట్టర్ వేగాన్ని 1/250గా, గరిష్ఠ ఐఎస్ఓను 6400గా పెట్టుకోండి. ఐఎస్ఓ పెరిగితే ఫొటోలో కనిపించే నాయిస్‌ను (గరుకు చుక్కలను) తరువాత చాలావరకు తగ్గించుకోవచ్చు గానీ, కదిలిపోయిన ముఖాన్ని సరిదిద్దడం చాలా కష్టం.

ఫోకస్‌ను కంటిన్యువస్‌లో (కదిలే మనిషిని వెంబడిస్తూ ఫోకస్‌ను సరిచేసుకునే మోడ్‌లో) ఉంచి, కంటిని గుర్తించే సదుపాయాన్ని ఆన్ చేయండి. ఫైళ్లను రా (సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని దాదాపు యథాతథంగా ఉంచే ఫైలు), జేపెగ్ (కెమెరానే సిద్ధం చేసే మామూలు ఫొటో ఫైలు) రెండింటిలోనూ భద్రపరచండి.

శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఆకర్షణీయంగానే ఉంటుంది. అయితే చాలా కెమెరాల్లో సెన్సర్ దృశ్యాన్ని వరుసలు వరుసలుగా చదువుతుంది కాబట్టి, కొన్ని ఎల్ఈడీ దీపాల కింద ఫొటోపై అడ్డచారలు పడతాయి, వేగంగా కదిలే వస్తువులు వంగినట్టు కనిపిస్తాయి. అటువంటి చోట లోపలి తెర నిజంగా కదిలే మెకానికల్ షట్టర్‌కు మారండి.