సోలార్ జీపీఎస్ వాచీ: ఎండ ఎంతిస్తుంది, పరుగు ఎంత తింటుంది

సోలార్ వాచీ కొన్నవాళ్లు చాలామంది మొదటి నెలలోనే డీలా పడతారు. రోజంతా ఎండలో తిరిగినా బ్యాటరీ శాతం పెరగదు, మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. దాంతో వాచీలో ఏదో లోపం ఉందనుకుంటారు. లోపమేమీ లేదు. అద్దం చుట్టూ, దాని కింద ఉండే ఆ సన్నటి పలక ఛార్జర్ చేసే పని చేయలేదు. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు, ఖర్చయినదాంట్లో కొంత తిరిగి పోస్తుంది. ఎంత పోస్తుందో తెలుసుకోవడానికి కంపెనీ ఇచ్చే అంకెలే చాలు.

గార్మిన్ ఇన్‌స్టింక్ట్ 2 సోలార్‌నే తీసుకోండి. జీపీఎస్ నడుస్తుంటే ఎండ లేకుండా 30 గంటలు, ఎండలో 48 గంటలు వస్తుందని కంపెనీ లెక్క. ఇక్కడ ఎండ అంటే 50,000 లక్స్ వెలుతురు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం). 100ని 30తో భాగిస్తే గంటకు 3.3 శాతం ఖర్చు. 48తో భాగిస్తే 2.1 శాతం. అంటే గంటసేపటి మంచి ఎండ ఇచ్చేది దాదాపు 1.25 శాతం. జీపీఎస్ లేని మామూలు వాడకంలో 28 రోజులు వస్తుంది కాబట్టి రోజు ఖర్చు 3.6 శాతం. మూడు గంటల ఎండకు 3.75 శాతం వస్తుంది. రోజుకు మూడు గంటలు ఎండలో ఉంటే బ్యాటరీకి అంతే లేదన్న ప్రకటన ఈ లెక్క మీదే నిలబడింది. అబద్ధం కాదు, కానీ అందులో ఒక్క పరుగు కూడా లేదు.

పరుగు కలిపి చూద్దాం. వారానికి ఐదు గంటలు జీపీఎస్ వాడితే దానికి 17 శాతం, ఏడు రోజుల మామూలు ఖర్చు 25 శాతం, మొత్తం 42. రోజుకు గంట ఎండ తగిలితే దాదాపు 9 శాతం తిరిగొస్తుంది, నికర ఖర్చు 33. పదిహేడు రోజులకు అయిపోవాల్సిన బ్యాటరీ ఇరవై ఒక్క రోజులు వస్తుంది. రోజుకు మూడు గంటల ఎండ దొరికితే ఆరు వారాలు దాటుతుంది. ఆరుబయట పనిచేసేవాళ్లకు సోలార్ నిజంగా లాభం. ఆఫీసులో కూర్చునేవాళ్లకు నాలుగు రోజుల బోనస్.

అన్ని మోడళ్లూ ఒకేలా ఇవ్వవు. అదే కంపెనీ ఫోర్‌రన్నర్ 955 సోలార్‌కు జీపీఎస్‌తో 42 గంటలు, ఎండతో 49 అని చెబుతారు. ఇదే తీసివేత చేస్తే గంట ఎండకు వచ్చేది 0.34 శాతమే, ఇన్‌స్టింక్ట్‌లో వచ్చినదానిలో మూడో వంతు కూడా లేదు. కొనేముందు ఈ రెండు భాగహారాలు, ఒక తీసివేత తప్పకుండా చేయండి. పెట్టె మీద సోలార్ అన్న మాట కంటే అవే ఎక్కువ చెబుతాయి.

ఎండ అంటే ఏ ఎండ?

మబ్బులేని మిట్టమధ్యాహ్నం నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. దట్టంగా మబ్బు పట్టిన రోజు 10,000 లేదా అంతకంటే తక్కువ. గదిలో దీపాల కింద 300 నుంచి 500. గదిలో 400 లక్స్ అనుకుంటే అది 50,000లో 125వ వంతు. ఇన్‌స్టింక్ట్ లెక్కలో ఒక్క శాతం పెరగాలంటే వంద గంటలు పడుతుంది. టేబుల్ లైటు కింద వాచీ పెట్టి ఛార్జ్ చేసుకోవాలన్న ఆలోచన అక్కడితో వదిలేయొచ్చు.

వాచీలోని సోలార్ విడ్జెట్ తెరిస్తే గత కొన్ని గంటల్లో ఎంత ఎండ తగిలిందో గ్రాఫ్‌లో కనబడుతుంది. వారం రోజులు గమనించండి. గ్రాఫ్ నేలకు అంటుకుని ఉంటే సాధారణంగా కారణం ఈ నాలుగింటిలో ఒకటి: చొక్కా చెయ్యి వాచీని కప్పేయడం, అద్దం మీద అంటించిన స్క్రీన్ గార్డ్, కిటికీ లేదా కారు అద్దం వెనక ఉండటం, ఎండకు ఎదురుగా వాచీ ముఖం లేకపోవడం. పరిగెత్తేటప్పుడు మోచెయ్యి వంచి ఉంటుంది కాబట్టి వాచీ ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. నడినెత్తిన సూర్యుడున్నా దాని మీద ఎండ ఏటవాలుగానే పడుతుంది. సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మాత్రం ముఖం చాలావరకు ఆకాశం వైపే ఉంటుంది. అందుకే అదే రెండు గంటలకు సైకిల్ తొక్కేవాళ్ల గ్రాఫ్ నిండుగా, పరిగెత్తేవాళ్లది వెలితిగా కనబడుతుంది. తెల్లవారుజామున చీకట్లో పరిగెత్తేవాళ్లకు పరుగులో వచ్చేది సున్నా. వాళ్ల ఎండ మిగతా రోజులో దొరకాల్సిందే.

వాచీ విప్పి మండుటెండలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. లోపలి వేడి హద్దు దాటితే బ్యాటరీని కాపాడటానికి వాచీ తనంతట తానే సోలార్ ఛార్జింగ్ ఆపేస్తుంది. ఛార్జ్ అవదు సరికదా, వేడికి బ్యాటరీ ఆయువు తగ్గుతుంది. ఎండలో పెట్టాల్సి వస్తే గాలి తగిలేచోట, వేడెక్కని బట్ట మీద ఉంచండి. కేబుల్‌కు తగిలించి ఉన్నప్పుడు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు కూడా సోలార్ పనిచేయదు. కేబుల్‌తో ఛార్జ్ చేసేటప్పుడు చుట్టూ 0 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి.

ఖర్చు ఎక్కడ తగ్గించాలి

ఎండ కోసం వెతకడం కంటే ఇక్కడ చేసే పొదుపే ఎక్కువ ఫలితమిస్తుంది. మొదట ఆపేయాల్సింది పల్స్ ఆక్సిమీటర్. రక్తంలో ఆక్సిజన్‌ను రోజంతా కొలిచే సెట్టింగ్ బ్యాటరీని తెగ తినేస్తుంది. ఎత్తైన కొండల మీద ఉండేటప్పుడు తప్ప దాన్ని ‘అడిగినప్పుడే’ అన్నదానికి మార్చండి. తర్వాత బ్యాక్‌లైటు. సోలార్ వాచీల్లో ఎక్కువగా ఉండే ఎంఐపీ తెర బయటి వెలుతురును తిప్పికొట్టి కనబడుతుంది, ఎండ పెరిగేకొద్దీ ఇంకా స్పష్టంగా ఉంటుంది. కాబట్టి పగలు చెయ్యి తిప్పగానే వెలిగే లైటు అక్కర్లేదు, దాన్ని చీకటి పడ్డాకే వెలిగేలా పెట్టండి. సెకన్లు తిరిగే, బయటివాళ్లు తయారుచేసిన వాచ్‌ఫేస్‌లు, ప్రతి గ్రూపు సందేశానికీ వణికే నోటిఫికేషన్లు కూడా ఖర్చే. ఫోన్ కాల్స్, ఒకటి రెండు ముఖ్యమైన యాప్‌లు ఉంచి మిగతావి ఆపేయండి. ఇది బ్యాటరీకే కాదు, మనశ్శాంతికీ మంచిది.

జీపీఎస్ దొరికాకే పరుగు

స్టార్ట్ నొక్కి రన్ ఎంచుకున్నాక వెంటనే పరిగెత్తకండి. ఆకాశం బాగా కనబడేచోట కదలకుండా నిలబడి, వాచీ సిద్ధమని చూపేదాకా ఆగండి. ఆపైన ఇంకో అర నిమిషం ఆగితే మ్యాప్ మీద మొదటి కిలోమీటరు దారి గీత వంకర్లు పోదు. ఆలస్యానికి కారణముంది. స్థానం లెక్కకట్టడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల నత్తనడక వేగంతో పంపుతుంది, ఆ సమాచారపు ఫ్రేమ్ ఒకటి పూర్తవడానికే 30 సెకన్లు. మధ్యలో చెట్టో గోడో అడ్డొస్తే మళ్లీ మొదటికి. ఫోన్ యాప్‌తో వాచీని తరచూ సింక్ చేస్తే ఆ వివరాలు ముందే దిగిపోతాయి, సిగ్నల్ కొద్ది సెకన్లలో దొరుకుతుంది. రోజూ తొందరగా దొరికే సిగ్నల్ ఒకరోజు ఐదు నిమిషాలు పట్టిందంటే, సింక్ చేసి చాలా రోజులైందేమో, దూరప్రయాణం చేసి దిగారేమో చూసుకోండి.

ఎత్తైన భవనాల మధ్య, లోయల్లో సిగ్నల్ గోడలకు తగిలి ఆలస్యంగా చేరుతుంది. అందుకే గీత వీధి దాటి భవనంలోకి వెళ్లినట్టు కనబడుతుంది. మల్టీబ్యాండ్ ఉన్న మోడళ్లు ఎల్1, ఎల్5 అనే రెండు పౌనఃపున్యాలను కలిపి వింటాయి కాబట్టి ఈ తప్పు బాగా తగ్గుతుంది, బ్యాటరీ ఖర్చు మాత్రం పెరుగుతుంది. మైదానంలో, ఊరి బయట రోడ్డు మీద జీపీఎస్ ఒక్కటే చాలు. అల్ట్రాట్రాక్ లాంటి పొదుపు మోడ్‌లు పరుగు శిక్షణకు పనికిరావు. అవి స్థానాన్ని అప్పుడప్పుడే నమోదు చేస్తాయి, మలుపులు కోసేస్తాయి, దూరం తక్కువ చూపిస్తాయి. రోజుల తరబడి సాగే నడకకే వాటిని ఉంచుకోండి.

400 మీటర్ల ట్రాక్ మీద మామూలు రన్ మోడ్ పెడితే దూరం తేడా వస్తుంది. ట్రాక్ రన్ మోడ్ ఎంచుకుని, ఏ లేన్‌లో ఉన్నారో చెప్పి, లేన్ మారకుండా కనీసం రెండు చుట్లు తిరిగితే వాచీ ట్రాక్‌ను గుర్తుపడుతుంది.

గుండె వేగం తప్పు చూపితే

వాచీని మణికట్టు ఎముక మీద కట్టకూడదు, దానికి వేలెడు పైన ఉండాలి. చర్మం మీద జారకుండా, రక్తం ఆగకుండా ఉండాలి. పరుగు ముందు పట్టీ ఒక రంధ్రం బిగించి, అయ్యాక వదులు చేయండి. వెనకున్న పచ్చ లైటు చర్మం కింది రక్తప్రవాహాన్ని చూస్తుంది. పట్టీ వదులైతే అది రక్తానికి బదులు చేతి ఊపును లెక్కపెడుతుంది. తేలికగా పరిగెత్తుతున్నా గుండె వేగం 170 దగ్గర కదలకుండా నిలిచిందంటే, అదే సమయంలో నిమిషానికి వేసే అడుగులు కూడా అంతేనేమో చూడండి. రెండూ ఒకటైతే అది గుండె కాదు, మీ కాళ్లు. చలికి చేతులు చల్లబడ్డా, మణికట్టు మీద పచ్చబొట్టు ఉన్నా ఇలాంటి తప్పులే వస్తాయి. వేగం మారుతూ ఉండే ఇంటర్వెల్స్‌కు ఛాతీ బెల్టే నమ్మకం. కట్టుకునేముందు దాని ఎలక్ట్రోడ్లను తడపాలి, పరుగయ్యాక నీళ్లతో జాడించాలి.

గుండె వేగాన్ని మెట్లుగా విడదీసే జోన్ల విషయంలో వాచీ పెట్టుకున్న లెక్కను అలాగే ఉంచేయకండి. గరిష్ఠ గుండె వేగానికి 220 నుంచి వయసు తీసేసే సూత్రం చాలామందికి పది పన్నెండు అంకెలు అటూ ఇటూ అవుతుంది. ఆ ఒక్క అంకె తప్పితే జోన్లు, వీవో2 మాక్స్ (శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్), విశ్రాంతి గంటలు అన్నీ తప్పుతాయి. ఆరోగ్యంగా ఉండి, శిక్షణ అలవాటున్నవాళ్లు పావుగంట వార్మప్ చేసి, 30 నిమిషాలు సమంగా, చివరిదాకా నిలబెట్టుకోగల గరిష్ఠ వేగంతో పరిగెత్తి, చివరి 20 నిమిషాల సగటు గుండె వేగాన్ని లాక్టేట్ థ్రెషోల్డ్‌గా (చాలాసేపు నిలబెట్టుకోగల శ్రమకు పై హద్దుగా) యాప్‌లో రాసుకోవచ్చు.

ఒక ఇంటర్వెల్ వర్కౌట్ పెట్టడం

ఫోనులో గార్మిన్ కనెక్ట్ యాప్ తెరిచి ట్రైనింగ్‌లో వర్కౌట్స్‌లోకి వెళ్లి కొత్త రన్ వర్కౌట్ తెరవండి. వార్మప్ 10 నిమిషాలు. తర్వాత రిపీట్ 6 సార్లు: రన్ 3 నిమిషాలు, రికవరీ 2 నిమిషాలు. కూల్‌డౌన్‌కు సమయం పెట్టకుండా ‘ల్యాప్ బటన్ నొక్కేదాకా’ అని ఉంచండి, ఇంటికి చేరేదాకా నడుస్తూనే ఉంటుంది. సేవ్ చేసి వాచీకి పంపితే ట్రైనింగ్ మెనూలో కనబడుతుంది. మెనూ పేర్లు మోడల్‌ను బట్టి కొంచెం మారతాయి.

లక్ష్యం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. మూడు నిమిషాల పరుగుకు గుండె వేగాన్ని లక్ష్యంగా పెట్టకండి. గుండె వేగం కాళ్ల కంటే వెనక ఉంటుంది, పైకెక్కడానికే నిమిషానికి పైగా పడుతుంది. అంతసేపూ వాచీ ‘తక్కువ’ అని మోగుతుంటే మీరు మొదట్లోనే అతివేగంగా వెళ్లి చివర్లో చతికిలపడతారు. దానికి బదులు పేస్ పెట్టండి, కాస్త వెడల్పుగా. కిలోమీటరుకు 5:00 కావాలంటే 4:50 నుంచి 5:10. ఇంకా ఇరుకు చేస్తే జీపీఎస్ ఊగిసలాటకే మోగుతూ ఉంటుంది. గుండె వేగానికి గరిష్ఠ హద్దు అలర్ట్ నెమ్మది దూర పరుగులకు బాగా పనికొస్తుంది.

తెర మీద మూడు అంకెలు చాలు: ల్యాప్ పేస్, ల్యాప్ సమయం, గుండె వేగం. అప్పటికప్పటి పేస్ చూడటం మానేయండి. ఇంటర్వెల్స్‌లో ఆటో పాజ్ ఆపేయండి, లేకపోతే రికవరీలో నిలబడగానే గడియారం ఆగి సెట్లన్నీ కలగాపులగమవుతాయి.

ఎత్తు, నీళ్లు, శుభ్రత

బారోమీటర్ ఉన్న వాచీలు గాలి పీడనం నుంచి ఎత్తు లెక్కకడతాయి. సముద్ర మట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ తగ్గితే దాదాపు 8 మీటర్లు ఎక్కినట్టు. వాతావరణం మారి పీడనం 3 హెక్టోపాస్కల్స్ పడిపోతే, కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా 25 మీటర్లు ఎక్కినట్టు చూపుతుంది. కొండ ఎక్కేముందు ఎత్తు తెలిసినచోట ఆల్టిమీటర్‌ను సరిచేసుకోండి. అంకెలు ఒక్కసారిగా ఎగిరిపడుతుంటే సెన్సర్ రంధ్రాల్లో చెమట ఉప్పు గడ్డకట్టి ఉంటుంది. గోరువెచ్చని మంచినీళ్లలో కాసేపు ఉంచి ఆరబెట్టండి. పిన్నీసు, సూది పెట్టి పొడవకండి, లోపలి పొర చిరుగుతుంది.

వాచీ మీద 10 ఏటీఎం (నీటి ఒత్తిడిని తట్టుకునే స్థాయి) అని రాసి ఉంటే ఈతకు నిశ్చింతగా వాడొచ్చు, స్కూబా డైవింగ్‌కు కాదు. నీళ్లలో ఉండగా బటన్లు నొక్కకండి. ఉప్పునీళ్లు, క్లోరిన్ నీళ్లలో దిగొచ్చాక తప్పకుండా కడగండి. వెనక ఉండే ఛార్జింగ్ పిన్నుల మీద చెమట ఆరకముందే కేబుల్ పెడితే తుప్పు పట్టి నల్లగా, పచ్చగా మారతాయి, ఆపై ఛార్జింగ్ ఎక్కుతూ ఆగుతూ ఉంటుంది. కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జ్ దగ్గర ఆఫ్ చేసి చల్లని చోట ఉంచండి, రెండు మూడు నెలలకోసారి తీసి శాతం చూడండి.