పాత మియాటాకి కొత్త సస్పెన్షన్ వేయించే ముందు

అమెరికాలో మంచు కరిగి ట్రాక్ డేలు (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడుపుకునే రోజులు) దగ్గర పడుతున్నాయంటే చాలు, మాజ్డా వాళ్ల చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మియాటా ఉన్న మన కుర్రాళ్లు ముందుగా కారుని కిందికి దించే పొట్టి స్ప్రింగులు ఆర్డర్ పెట్టేస్తారు. దయచేసి ఆగండి. 1990 నుంచి 2005 దాకా వచ్చిన మియాటాల్లో చక్రం పైకి లేవడానికి ఉన్న జాగానే తక్కువ. పాత షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంచి కారుని కిందికి దించితే ఆ కాస్తా పోతుంది, మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలినా సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకుపోయి, అక్కడ ఆపే రబ్బరు ముక్క అంటే బంప్ స్టాప్ మీద పడి ఆ మూల ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, టైరు పట్టు వదిలేస్తుంది. వెనక చక్రం దగ్గర జరిగితే కారు గిర్రున తిరిగిపోవచ్చు.

అందుకే కొనేముందు ఒకసారి చూసుకోండి. రబ్బరు తొడుగు పైకి జరిపి, షాక్ రాడ్డుకి సన్నటి జిప్ టై కట్టి, కింద షాక్ గొట్టానికి ఆనేదాకా తోసి, రోజూ తిరిగే రోడ్డు మీదే నడిపి రండి. ఆ జిప్ టై బంప్ స్టాప్ దాకా వెళ్లిపోయి ఉంటే ఇంకా దించే ఆలోచనే వద్దు.

డబ్బు ముందు మంచి టైర్లకి, తర్వాత డ్యాంపర్లకి, అంటే షాక్ అబ్జార్బర్లకి పెట్టండి. బిల్‌స్టీన్ కంపెనీ షాకుల్లో బి6 మామూలు ఎత్తుకి, బి8 దించిన కారుకి. ఒకదాని బదులు ఇంకొకటి తీసుకోకండి. కాయిలోవర్లయితే (స్ప్రింగు, షాకు కలిసి వచ్చే, ఎత్తు మార్చుకోగల సెట్లు) గట్టిదనం మార్చుకోవడానికి ఎన్ని క్లిక్కులున్నాయని కాదు, డైనో గ్రాఫ్ (షాకుని మెషిన్ మీద పరీక్షించి గీసిన గ్రాఫ్) ఉందా అని అడగండి, చూపించనివాళ్ల దగ్గర నేనైతే కొనను. వేరే కారువాళ్లు చెప్పే స్ప్రింగు నంబర్లూ పట్టించుకోవద్దు. మియాటాలో స్ప్రింగు చక్రానికి లోపలగా ఉంటుంది కాబట్టి మోషన్ రేషియో (చక్రం కదిలిన దాంట్లో స్ప్రింగు ఎంత కదులుతుందన్న లెక్క) 0.7 అనుకుంటే, దాంతో రెండుసార్లు గుణించాలి కాబట్టి, మిల్లీమీటరుకి 10 కేజీల స్ప్రింగు చక్రం దగ్గర సుమారు 5 కేజీలే.

న్యూజెర్సీ, మిషిగన్ లాంటి, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల, చక్రాల కోణాలు సరిచేసే (అలైన్‌మెంట్) కింది ఆర్మ్‌ల బోల్టులు తుప్పుతో పట్టేస్తాయి, అవి తిరగకపోతే ఎంత ఖరీదైన కిట్ వేసినా అలైన్‌మెంట్ కుదరదు. వారం ముందు నుంచే తుప్పు వదిలించే నూనె కొడుతూ ఉండండి.

బిగించేటప్పుడు జాక్‌ని నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. స్ప్రింగుని కంప్రెసర్‌తో సరిగ్గా నొక్కిపట్టకుండా పైనట్టు విప్పారో, అది ఎగిరొచ్చి మొహానికి తగులుతుంది. రబ్బరు బుష్‌లున్న (కీళ్ల దగ్గరి రబ్బరు గొట్టాలు) బోల్టుల్ని కారు బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి, గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలితిరిగి త్వరగా చిరిగిపోతుంది. కొన్ని రోజులు తిరిగి స్ప్రింగులు కుదురుకున్నాక అలైన్‌మెంట్ చేయించి, బోల్టులన్నీ టార్క్ రెంచితో ఇంకోసారి చూసుకుని, అప్పుడు ట్రాక్ డేకి పేరివ్వండి.