ఆటోమేటిక్ ఎస్‌ప్రెసో మెషీన్ కొనాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

బటన్ నొక్కితే గింజలు తనే పొడి చేసుకుని, తనే కాఫీ దించి, పాలు నురగ కట్టించి కప్పులో పోసే మెషీన్ గురించి ఎవరిని అడిగినా రెండే జవాబులు. కొన్నవాళ్ళు "ఇన్నాళ్ళూ ఇది లేకుండా ఎలా ఉన్నామో" అంటారు, కొననివాళ్ళు "60 వేలు పోసి కాఫీనా, ఫిల్టర్ పొడికేం వచ్చింది" అంటారు. ఇద్దరి మాటా పక్కన పెట్టండి. ముందు మీ ఇంట్లో ఎవరు ఏ కాఫీ తాగుతున్నారో చూడండి, సగం విషయం అక్కడే తేలిపోతుంది.

మనలో చాలామందికి కాఫీ అంటే ఫిల్టర్‌లో దిగిన డికాక్షన్, చిక్కటి పాలు, పంచదార, గ్లాసు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనాలి. ఎంత డబ్బు పెట్టినా ఈ మెషీన్ ఆ కాఫీ ఇవ్వదు, అది అందుకు తయారైందీ కాదు. పాలు 60–65 డిగ్రీల దగ్గర నురగ బాగా కడతాయి, కాస్త తియ్యగానూ ఉంటాయి, 70 దాటితే ఆ నురగ నిలవదు, అందుకే మెషీన్ ఆ దరిదాపుల్లోనే ఆపేస్తుంది. చల్లటి కప్పులో పడి మన చేతికొచ్చేసరికి ఆ వేడి ఇంకాస్త తగ్గుతుంది. పొంగిన పాలతో కాఫీ తాగి అలవాటైన అత్తగారు మొదటి గుక్కకే "ఇదేంటమ్మా, చల్లారిపోయింది" అంటారు. మైక్రోవేవ్‌లో పెట్టి ఇస్తే వేడైతే వస్తుంది గానీ, అంత డబ్బు పోసి కొన్న నురగ కాస్తా పోతుంది.

ఇంకోటి చికోరీ. మన ఫిల్టర్ పొడుల్లో చాలావాటిలో 20 నుంచి 40 శాతం దాకా చికోరీ ఉంటుంది, ఆ చిక్కటి రంగు, నాలుక మీద నిలిచే ఆ చేదు సగం దాని పుణ్యమే. మెషీన్ నడిచేది గింజలతో, గింజల్లో చికోరీ ఉండదు. పొడి వేసుకోడానికి పైన చిన్న మూత ఉంటుంది కదా అంటారేమో, అది డీకాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ) లాంటి పొడి ఒక చెంచా వేసుకోవడానికి పెట్టింది. చికోరీ తడిస్తే బంకలా అయి లోపల పట్టేస్తుంది. కాబట్టి ఇంటిల్లిపాదీ ఫిల్టర్ కాఫీయే తాగేవాళ్ళైతే చదవడం ఇక్కడితో ఆపెయ్యొచ్చు, మంచి ఫిల్టర్ ఒకటి, నమ్మకంగా అప్పటికప్పుడు పట్టి ఇచ్చే కాఫీ పొడి కొట్టు ఒకటి చూసుకోండి, బోలెడు డబ్బు మిగిలింది.

ఇక కాపుచినో, లాటే, అమెరికానో తాగేవాళ్ళ సంగతి. షాపుల్లో "ఆటోమేటిక్" అనే మాట దేనికి పడితే దానికి వాడేస్తారు, అదేంటో ముందు అడిగి తెలుసుకోండి. పొడిని మనం గిన్నెలాంటి పోర్టాఫిల్టర్‌లో నింపి, నొక్కి, బిగించి కాఫీ తీసుకునేది సెమీ ఆటోమేటిక్. అందులో రుచి మన చేతిలో ఉంటుంది, తలనొప్పి కూడా మనదే. గింజల నుంచి కప్పు దాకా అన్నీ లోపలే జరిగిపోయేది ఫుల్లీ ఆటోమేటిక్, డెలాంగీ మాగ్నిఫికా, ఫిలిప్స్ లాటేగో లాంటివి ఈ రకం. మన దగ్గర ఇవి సుమారు 50 వేల దగ్గర మొదలై లక్ష దాటతాయి, జ్యూరా లాంటివి ఇంకా పైన. నేను మాట్లాడుతున్నది ఈ రెండో రకం గురించి. డబ్బా మీద 15 బార్, 19 బార్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, పట్టించుకోకండి. ఎస్‌ప్రెసోకి, అంటే ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీకి, కావాల్సింది 9 బార్ దగ్గర ఒత్తిడి, మిగతాదంతా పంపు గొప్పలు.

రుచి గురించి నిజం చెప్పుకోవాలంటే, ఫుల్లీ ఆటోమేటిక్‌లో వచ్చే ఎస్‌ప్రెసో మంచి కేఫ్‌లో బరిస్టా తీసిన దానంత చిక్కగా ఉండదు. కేఫ్‌లో డబుల్ షాట్‌కి 18 గ్రాముల పొడి వేసి, 25–30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ తీస్తారు. ఈ మెషీన్లలో చాలావాటికి ఒకసారికి అంత పొడి పట్టదు. పాలు కలిపి తాగితే తేడా పెద్దగా తెలీదు, నల్లగా తాగేవాళ్ళకి మాత్రం మొదటి రోజే తెలిసిపోతుంది. రుచి కోసం గంటలు గంటలు వీడియోలు చూసి, గ్రాములు తూచి, పొడి సన్నం చేసి ముతక చేసి ఆడుకోవడం ఇష్టమైతే ఇది మీది కాదు, అదే డబ్బులో ఒక సెమీ ఆటోమేటిక్, దానికి తగ్గ గ్రైండర్ తీసుకుంటే ఇంతకంటే మంచి కాఫీ వస్తుంది.

ఇప్పుడు లెక్క. మెషీన్ 60 వేలు, ఐదేళ్ళు పనిచేస్తుందనుకుందాం. ఇంట్లో రోజుకి రెండు కప్పులైతే ఐదేళ్ళకి 3,650 కప్పులు, అంటే కప్పుకి మెషీన్ వాటా 16 రూపాయలు. నాలుగు కప్పులైతే 8. ఒక్కటే ఐతే 33. గింజలు 250 గ్రాములు 550–600 రూపాయలు పెడితే 25 కప్పుల దాకా వస్తాయి, అంటే 22–24 రూపాయలు. పాలకి ఓ 10, డీస్కేలింగ్ మందు (లోపల పట్టే సున్నం వదిలించేది), నీటి ఫిల్టర్లకి ఓ మూడు నాలుగు. రెండు కప్పుల ఇంట్లో ఒక్కో కప్పు 50 దాటుతుందన్నమాట. అదే కాపుచినో కేఫ్‌లో 220 అనుకోండి, మెషీన్ ధర తీసేసి చూస్తే కప్పుకి 180 దాకా మిగులుతుంది, వారానికి నాలుగు కేఫ్ కాఫీలు మానేస్తే ఏడాదిన్నర దాటాక మెషీన్ డబ్బు వచ్చేస్తుంది.

"మానేస్తే" అన్నాను, చూడండి, లెక్క తప్పేది అక్కడే. కేఫ్‌కి మనం కాఫీ కోసమే వెళ్తామా? ఏసీ కోసం, ఫ్రెండ్‌తో కూర్చోవడానికి, ఇంట్లో వైఫై పోయినప్పుడు, ఊరికే బయట పడటానికి వెళ్తాం. మెషీన్ కొన్నంత మాత్రాన అవేవీ ఆగవు. ఫోన్‌లో పోయిన నెల పేమెంట్లు తీసి, కేఫ్ బిల్లుల్లో ఒంటరిగా వెళ్ళి తాగినవీ, ఆర్డర్ పెట్టి తెప్పించుకున్నవీ మాత్రం కలపండి. మెషీన్ ఆపగలిగేది వాటినే. ఆ మొత్తం నెలకి రెండు వేలు దాటకపోతే డబ్బు ఆదా అనే మాట వదిలేసి, సరదాకి కొంటున్నాం అని ఒప్పుకుని కొనండి. సరదాకి కొనడం తప్పేం కాదు, మనవాళ్ళు అంతకంటే పనికిరాని వాటికి ఎంతెంత పెడుతున్నారో చూస్తూనే ఉన్నాం కదా.

డబ్బు కన్నా పెద్ద విషయం కడగడం. దీని గురించి అమ్మేవాడు చెప్పడు. ఆన్ చేస్తే కొన్ని నీళ్ళు పోసి తనని తాను కడుక్కుంటుంది, ఆఫ్ చేస్తే ఇంకొన్ని, అవన్నీ కింద ట్రేలో చేరతాయి, రోజుకో రెండ్రోజులకో పారబొయ్యాలి. వాడిన పొడి గుండ్రటి బిళ్ళల్లా డబ్బాలో పడుతుంది. వానాకాలంలో మూడ్రోజులు ఊరెళ్ళి వస్తే ఆ బిళ్ళల మీద తెల్లటి బూజు దూదిలా లేచి ఉంటుంది. డబ్బాలో ఉంటే పర్లేదు, లోపల బ్రూ గ్రూప్‌కి, అంటే పొడిని నొక్కి కాఫీ దించే భాగానికి, పాకితేనే గొడవ. పక్క తలుపు తీసి, బ్రూ గ్రూప్‌ని బయటికి లాగి, వారానికోసారి కుళాయి కింద పెట్టి ఉత్తి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి మళ్ళీ పెట్టాలి. సబ్బు వద్దు. గిన్నెలు తోమే ఆవిడకి అప్పజెబితే విమ్ పెట్టి తళతళా తోమేస్తుంది, దాంతో లోపల రాసి ఉన్న గ్రీజంతా పోతుంది, తప్పు ఆవిడది కాదు. కొన్ని కంపెనీల మెషీన్లలో ఈ భాగం బయటికే రాదు, మాత్రలు వేసి శుభ్రం చెయ్యాలి. నాకైతే చేత్తో తీసి కళ్ళతో చూసుకునేదే నయమనిపిస్తుంది.

పాల డబ్బా ఇంకో కథ. కాచిన పాలు పోస్తే మీగడ తరక సన్నటి గొట్టంలో ఇరుక్కుంటుంది, తర్వాత నురగకి బదులు గుర్రుగుర్రుమని చప్పుడొస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ప్యాకెట్ పాలే పొయ్యండి, పాశ్చరైజ్ చేసినవే కాబట్టి ప్యాకెట్ పాడవకపోతే మళ్ళీ కాచక్కర్లేదు. పాలు కాచకుండా తాగడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే, కాచి చల్లార్చి, వడగట్టి, ఫ్రిజ్‌లో పెట్టిన పాలు వాడండి. అంటే ఇంకో గిన్నె, ఇంకో జల్లెడ. గొట్టం లేకుండా రెండు ముక్కలుగా విడిపోయే పాల డబ్బా ఉన్న మోడల్ దొరికితే ఈ బాధ చాలా తగ్గుతుంది.

నీళ్ళు కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లో బోరు నీళ్ళ అపార్ట్‌మెంట్లలో గీజర్ కాయిల్‌కి తెల్లగా సున్నం ఎలా పడుతుందో తెలుసు కదా, ఈ మెషీన్ లోపల కూడా అదే పడుతుంది. చాలా మెషీన్లతో పాటు నీటి గట్టిదనం చూసే కాగితం స్ట్రిప్ ఒకటి వస్తుంది, దాన్ని పారెయ్యకుండా ముంచి చూసి, ఆ నంబర్ మెనూలో పెట్టండి, డీస్కేలింగ్ ఎప్పుడు చెయ్యాలో అదే చెబుతుంది. ఆర్‌ఓ నీళ్ళు పోస్తే సున్నం బాధ తగ్గుతుంది గానీ, ఖనిజాలు మరీ తక్కువైతే కాఫీ చప్పగా ఉంటుంది. ఇక కరెంటు: ఇవి దాదాపు 1,450–1,500 వాట్లు లాగుతాయి, 6 ఆంప్స్ సాకెట్‌కి అది ఎక్కువ. ప్లాట్‌ఫాం దగ్గర 16 ఆంప్స్ పాయింట్ ఉందా, మిక్సీకీ ఓవెన్‌కీ పోగా అది ఖాళీగా ఉందా చూడండి.

"తమ్ముడు డల్లాస్ నుంచి వస్తున్నాడు, అక్కడ డీల్‌లో సగం ధరకి వస్తుంది, తెమ్మంటాను" అనే ఆలోచన దాదాపు ప్రతి ఇంట్లో వస్తుంది. వద్దు. అక్కడి మెషీన్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ మీద నడుస్తుంది, మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే అది మెషీన్ పక్కన ఇంకో బరువైన డబ్బా, పైగా అది వోల్టేజీని తగ్గిస్తుందే గానీ హెర్ట్జ్‌ని మార్చదు, లోపలి పంపు ఆ హెర్ట్జ్ మీద ఆధారపడి కొట్టుకునేది. వారంటీ కూడా ఇక్కడ చెల్లకపోవచ్చు. అమెరికాలో ఉంటున్నవాళ్ళకైతే వేరే సలహా: కంపెనీలే బాగుచేసి అమ్మే రీఫర్బిష్డ్ మెషీన్లు చూడండి, అక్కడి కేఫ్ ధరలకి లెక్క తొందరగానే కుదురుతుంది.

ఇంకా ఎటూ తేలకపోతే ఒక చిన్న పరీక్ష. అరకు గింజలో చిక్‌మగళూరు గింజలో, మీడియం రోస్ట్, చికోరీ లేనివి, 250 గ్రాములు తీసుకోండి. కొట్టులోనే మోకా పాట్‌కి (పొయ్యి మీద పెట్టి ఆవిరి ఒత్తిడితో కాఫీ తీసే చిన్న పాత్ర) సరిపడా పట్టించుకుని, చిన్న మోకా పాట్ ఒకటి కొని మూడు వారాలు అదే తాగండి. మోకాలో ఒత్తిడి ఒకటిన్నర బార్ దగ్గరే కాబట్టి అది అసలు ఎస్‌ప్రెసో కాదు, కానీ చికోరీ లేని ఘాటైన కాఫీ మీ నాలుకకి నచ్చుతుందో లేదో చెప్పడానికి చాలు. మూడు వారాలకి ప్యాకెట్ సగం మిగిలిపోయి, మళ్ళీ చెయ్యి ఫిల్టర్ మీదకి పోతుంటే మీకు మెషీన్ అక్కర్లేదు. ప్యాకెట్ అయిపోయి, "రుచి బాగుంది గానీ పొద్దున్నే ఈ పాట్లు పడలేను" అనిపిస్తే మెషీన్ మీ కోసమే. రుచీ బాగుండి, పాట్లూ బాగుంటే మోకా పాట్‌తోనే ఆగిపోండి. తర్వాత మెషీన్ కొన్నా నూనె పట్టి మెరిసే బాగా మాడ్చిన గింజలు, ఫ్లేవర్ కలిపిన గింజలు వెయ్యకండి, గ్రైండర్ జిడ్డు పట్టిపోతుంది.

కొనడానికి సిద్ధమైతే షోరూంలో బ్లాక్ కాఫీ ఒకటి, మీరు రోజూ తాగేది ఒకటి చేయించుకుని తాగండి. గ్రైండర్ చప్పుడు వినండి, తెల్లవారుజామున ఐదింటికి అది బెడ్‌రూం గోడ అవతల మోగుతుంది. సర్వీస్ మీ ఊళ్ళోనే ఉందా, ఇంటికొస్తారా, మెషీన్‌ని పక్క రాష్ట్రానికి కొరియర్ చెయ్యాలా అన్నది కస్టమర్ కేర్‌కి మీరే ఫోన్ చేసి కనుక్కోండి, సేల్స్ అబ్బాయి మాట మీద కాదు. ఈ ఒక్క విషయంలో విజయవాడ, వరంగల్ వాళ్ళు హైదరాబాద్ వాళ్ళకంటే ఇంకాస్త గట్టిగా అడగాలి.

సెకండ్ హ్యాండ్‌లో "రెండు నెలలే వాడాం" అని కనిపించేవి కూడా చూడొచ్చు, మోజు తీరిపోయి అమ్మేసేవాళ్ళు తక్కువేం లేరు. వెళ్ళినప్పుడు మాత్రం పక్క తలుపు తీయించి బ్రూ గ్రూప్ బయటికి లాగించండి. లాగడానికి మొరాయిస్తున్నా, అమ్మే ఆయనకి అది బయటికి వస్తుందనే తెలియకపోయినా, టీ తాగి వచ్చెయ్యండి.