కుకూ గడియారం ఆగిపోతోందా, పిట్ట కూయట్లేదా? విప్పే ముందు ఇవి చూడండి

కుకూ గడియారం ఆగిపోగానే చాలామందికి చెయ్యి నేరుగా నూనె సీసా మీదికే పోతుంది. కాస్త ఆగండి. ఆగిపోయే గడియారాల్లో చాలావాటికి లోపల ఏ జబ్బూ ఉండదు, గోడకి వేలాడదీసిన తీరులోనే తేడా ఉంటుంది. ఇక్కడ చెప్పేదంతా గొలుసులు, బరువులతో నడిచే మెకానికల్ గడియారాల గురించే. బ్యాటరీవాటికి ఇవేవీ పనికిరావు, వాటిలో కూత కూడా స్పీకర్లోంచే వస్తుంది.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ పెట్టెలో ఉన్నవి రెండు యంత్రాలు. ఒకటి టైము నడుపుతుంది, ఇంకోటి గంట కొట్టి పిట్టని కూయిస్తుంది, దేని గొలుసు దానిదే, దేని బరువు దానిదే. ఎదురుగా నిలబడి చూస్తే మామూలుగా కుడివైపుది టైముది, ఎడమవైపుది పిట్టది. అనుమానంగా ఉంటే పిట్ట కూసేటప్పుడు ఏ బరువు కిందికి జారుతోందో చూడండి. మూడో బరువు ఉంటే అది పాటకి. కాబట్టి "పాడైపోయింది" అనుకునే ముందు తేల్చుకోవాల్సింది ఇది: టైము ఆగిందా, కూత ఆగిందా, లేక కూత వల్ల టైము ఆగిందా?

టైము ఆగుతుంటే మొదట చెవి పెట్టి వినండి. టిక్, టాక్ మధ్య వ్యవధి సమానంగా ఉండాలి. "టిక్‌టాక్... టిక్‌టాక్..." అని కుంటుతూ వినిపిస్తే అది కాసేపు నడిచి ఆగిపోతుంది, ఎన్నిసార్లు ఊపి వదిలినా అంతే. గడియారం అడుగుభాగాన్ని కొద్దికొద్దిగా ఎడమకో కుడికో జరుపుతూ శబ్దం సమానమైన చోట ఆపండి, గోడ మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. లెవెల్ చూసే పరికరం కన్నా చెవే నయం, ఎందుకంటే పెట్టె నిటారుగా ఉన్నా లోపల పెండ్యులాన్ని ఊపే తీగ వంగి ఉండొచ్చు. శబ్దం సరిగ్గా రావాలంటే గడియారం కంటికి కనిపించేంత వంకరగా పెట్టాల్సి వస్తోందంటే అదే సంగతి. అప్పుడు పెట్టెని నిటారుగా పెట్టి ఆ తీగనే ఒక పక్కకి రవ్వంత వంచి వినండి, కుంటు ఎక్కువైతే రెండో పక్కకి వంచండి.

శబ్దం బాగానే ఉండి ఆగుతుంటే పెండ్యులం ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడండి. వెనక గోడకి తగలొచ్చు, పెట్టె అడుగున చీలిక అంచుకి తగలొచ్చు, కొక్కేనికి సరిగ్గా తగిలించకపోయి ఉండొచ్చు. నేరుగా ఫ్యాన్ గాలి తగిలినా, ఆకులా చెక్కిన ఆ తేలికపాటి చెక్క పెండ్యులం ఊపు తప్పుతుంది. గొలుసులో మెలిక పడిందేమో, బరువు కింద దేనికైనా ఆనిందేమో కూడా చూడండి. నేల నుంచి 6 అడుగుల ఎత్తున ఉంటే బరువులకి దిగడానికి చోటుంటుంది.

అయినా తేలకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది, నాకైతే ఇన్నిటిలోకి ఇదే బాగా పనికొస్తుంది. బరువు అలాగే ఉంచి పెండ్యులం తీసేయండి. పెండ్యులాన్ని ఊపే ఆ తీగ తనంతట తానే టకటకా వేగంగా కొట్టుకోవాలి. కొన్ని క్షణాలు చూస్తే చాలు. జోరుగా కొట్టుకుంటే చక్రాలు బాగున్నట్టే, లోపం వేలాడదీయడంలోనో పెండ్యులంలోనో ఉంది. తడబడితే, మధ్యలో ఆగితే మాత్రం లోపల మురికో అరుగుదలో ఉన్నట్టు.

ఏ టైముకి ఆగిందో ప్రతిసారీ రాసిపెట్టుకోండి. ముళ్ళు రెండూ ఒకదాని మీదికి ఒకటి వచ్చే వేళకే ఆగుతుంటే అవి తగులుకుంటున్నాయి, వాటి మధ్య సందు చేయండి. గంటకో అరగంటకో కాస్త ముందు ఆగుతుంటే కథ వేరు. ఆ సమయంలో టైము యంత్రం కూత మొదలుపెట్టే మీటని పైకెత్తాలి, బలం అంతంతమాత్రంగా ఉన్న యంత్రం సరిగ్గా అక్కడే చతికిలబడుతుంది. కొన్నింటిలో పిట్ట బరువు కిందికంటా దిగిపోయి, కూత ఆగిపోయి ఉంటే 12కీ 1కీ మధ్య టైము కూడా ఇరుక్కుంటుంది, అందుకే రెండు బరువులూ కలిపే పైకి లాగండి.

ఆగుతోంది కదా అని ఇంకా పెద్ద బరువు తగిలించడం మాత్రం వద్దు. రోజూ లాగాల్సినవాటికి మామూలుగా 275 లేదా 320 గ్రాముల బరువులు ఉంటాయి, వారానికోసారి లాగేవాటికి 1000 నుంచి 1500 గ్రాములు. దీని బరువు దానికి వేస్తే కొన్నాళ్ళు నడిచినట్టే ఉంటుంది, ఈలోపు ఇరుసుల రంధ్రాలు అరిగిపోతాయి.

ఇక పిట్ట సంగతి. అస్సలు కూయకపోతే ముందు పెట్టె పక్కనో కిందో ఉండే సైలెంట్ మీట చూడండి, ఎవరో రాత్రి నిద్ర కోసం ఆపి మర్చిపోయి ఉంటారు. తర్వాత తలుపు మీద ఉండే చిన్న తీగ గొళ్ళెం, అది వేసి ఉంటే పిట్ట బయటికి రాలేదు. కొత్త గడియారమైతే వెనక మూత తీసి, కూతకి గాలి ఊదే తిత్తులకి పెట్టిన క్లిప్పులు తీశారో లేదో చూడండి. కూత రెండు స్వరాలు, పైదొకటి కిందిదొకటి, ఒక్కోదానికి ఒక్కో తిత్తి. ఒకటే వినిపిస్తుంటే రెండో తిత్తి చిరిగిందనో, దాన్ని ఎత్తే తీగ పక్కకి జారిందనో అర్థం. తిత్తి పైభాగాన్ని వేలితో ఎత్తి వదలండి. శబ్దం వస్తే తిత్తి మంచిదే, తీగని దాని చోటికి తెండి. గాలి తుస్సుమంటే చిరిగినట్టు, దాని మీద మందంగా జిగురు పూస్తే బిరుసెక్కి అసలే ముడుచుకోదు, కొత్త తిత్తి వేయడమే మేలు.

గంటల లెక్క తప్పితే రెండు రకాలు. పాత గడియారాల్లో ఎడం సమానంగా లేని గాట్లున్న లెక్క చక్రం ఉంటుంది, ముళ్ళు ఎక్కడున్నా అది తర్వాతి అంకె కొడుతూ పోతుంది. దానికి లోపలి మీటని ఎత్తి వదులుతూ, ముల్లు చూపే గంట వచ్చేదాకా కూయించండి. తర్వాతి రకంలో నత్త ఆకారపు బిళ్ళ గంటల ముల్లుతో కలిసి తిరుగుతుంది కాబట్టి లెక్క దానంతట అది తప్పదు, ముల్లే జారి ఉంటుంది. పిట్ట ఎన్ని కూసిందో ఆ అంకె మీదికి గంటల ముల్లునే తిప్పేయండి. అది బిగువుగా తొడిగి ఉంటుందంతే. నిమిషాల ముల్లుని మాత్రం ఎప్పుడూ ముందుకే తిప్పండి, గంటకీ అరగంటకీ ఆగి కూత పూర్తవనివ్వండి.

పిట్ట ఆగకుండా కూస్తూనే ఉంటే టెన్షన్ పడకుండా దాని బరువు తీసేయండి, వెంటనే నోరు మూస్తుంది. కూస్తుండగా ఎవరైనా సైలెంట్ మీట జరిపారా? అదే కారణం కావచ్చు. లేదంటే ఆపే మీట మురికి వల్ల గాట్లోకి దిగట్లేదు, లేదా పిట్ట తీగ తలుపు దగ్గర ఇరుక్కుంది. కూత సాగదీసినట్టు నీరసంగా వస్తుంటే సాధారణంగా ఎండి జిడ్డుకట్టిన పాత నూనే.

నూనె దగ్గరికి వచ్చాం కాబట్టి: గడియారాల నూనె మాత్రమే, ఇరుసులు రేకులోకి దిగే చోట సూది మొనంత చుక్క. చక్రాల పళ్ళకి, గొలుసులకి, తిత్తులకి వద్దు. తుప్పు వదిలించే స్ప్రే, వంటనూనె అసలే వద్దు. మురికి మీద కొత్త నూనె వేస్తే అది నూరుడు ముద్దలా తయారై ఇరుసుల్ని ఇంకా తినేస్తుంది, కాబట్టి నల్లగా జిడ్డు కనిపిస్తే విప్పి కడగాల్సిందే. రంధ్రాలు కోలగా అరిగి ఇరుసులు ఊగుతుంటే అది ఇంట్లో చేసే పని కాదు. జర్మన్ కంపెనీ రెగులా చేసేవాటి లాంటి మామూలు యంత్రాలున్న గడియారాలకైతే బాగుచేయించడం కన్నా మొత్తం యంత్రమే మార్చడం చాలాసార్లు తేలిక.

రిపేరుకి తీసుకెళ్ళాల్సి వస్తే గోడ మీద ఉండగానే పెట్టె అడుగుకి సరిగ్గా కింద, గొలుసుల కడియాల్లోంచి ఒక సన్నని తీగ దూర్చి మెలిపెట్టండి, ఆ తర్వాతే బరువులు, పెండ్యులం తీయండి. తీగ లేకుండా పెట్టెని పక్కకి వంచితే గొలుసులు చక్రం మీంచి ఊడిపోతాయి, అప్పుడు ఉన్న రిపేరుకి ఇంకోటి తోడవుతుంది.